కార్పొరేట్ ట్యాక్స్‌లో పేరు ఎవరిస్తారు? అవార్డు మెయిల్ వచ్చిన ఒక సీఏకి జవాబు

మీరు సీఏ పూర్తి చేసి ఆరేళ్లయింది. హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి ఫర్మ్‌లో డైరెక్ట్ ట్యాక్స్ మేనేజర్‌గా ఉన్నారు, కంపెనీల పనే ఎక్కువ. "ఈ ఏటి ఉత్తమ కార్పొరేట్ ట్యాక్స్ సలహాదారు"గా ఎంపికయ్యారని మీకో మెయిల్ వచ్చింది. మెమెంటోకి, మ్యాగజైన్‌లో ఒక పేజీకి కలిపి ఫీజు కట్టమన్నారు. కట్టాలా వద్దా, ఆ డబ్బుతో అడిట్ (అంతర్జాతీయ పన్నుల మీద బ్రిటన్ వాళ్ల పరీక్ష) గానీ ఎల్‌ఎల్‌బీ గానీ చేస్తే మేలా, అసలు ఈ పనిలో ఫలానావాళ్లు నిపుణులని ఎవరు తేలుస్తారు అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మొదటిదానికి జవాబు చిన్నది. కట్టకండి. మీరు చేసిన పని ఒక్కటి కూడా చూడకుండా ఎంపిక చేశామన్నారంటే వాళ్లు చూసింది మీ లింక్డ్‌ఇన్ పేజీ మాత్రమే. మర్యాదకైనా జవాబు రాయకండి, ఫొటో అసలే పంపకండి. డబ్బు కట్టకపోయినా "నామినీ" అని వాళ్ల సైట్‌లో పెట్టేస్తే, తీయించడానికి మీరే వెంటపడాలి.

అన్ని ర్యాంకింగ్‌లూ ఇలాంటివే అనడం లేదు. చాంబర్స్, లీగల్ 500, ఇంటర్నేషనల్ ట్యాక్స్ రివ్యూ వాళ్ల వరల్డ్ ట్యాక్స్ లాంటివి వేరు. అక్కడ ఫర్మ్ ఆ ఏడాది చేసిన పనుల వివరాలు రాసి పంపాలి, రిఫరీలుగా క్లయింట్ల పేర్లివ్వాలి. వాళ్ల రీసెర్చర్లు ఆ క్లయింట్లనీ, మార్కెట్‌లో ఇతరులనీ అడిగి చూస్తారు. లండన్‌లోనో సింగపూర్‌లోనో కూర్చున్న ఒక కంపెనీ లీగల్ హెడ్‌కి భారత్‌లో ఎవరూ తెలియనప్పుడు ఆ జాబితా పనికొస్తుంది. జీడిమెట్లలో బల్క్ డ్రగ్ యూనిట్ నడిపే ప్రమోటర్ మాత్రం తన ఆడిటర్‌ని అడుగుతాడు, లేదా అదే ఎస్టేట్‌లో నిరుడు స్క్రూటినీ (రిటర్న్ మీద పన్ను శాఖ చేసే వివరమైన తనిఖీ) నుంచి బయటపడ్డ ఇంకో ప్రమోటర్‌కి ఫోన్ చేస్తాడు. మీ క్లయింట్లలో ఎక్కువమంది ఏ రకమో మీకే తెలుసు.

ఇంకో సంగతి మీ మెయిల్ పంపినవాళ్లకి తెలియదు గానీ మీకు తెలిసి ఉండాలి. చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం, 1949 మొదటి షెడ్యూల్ మొదటి భాగంలో 6, 7 క్లాజులున్నాయి. ప్రాక్టీస్‌లో ఉన్నవాళ్లు ప్రకటనలతో, సర్క్యులర్లతో క్లయింట్లను అడగకూడదని ఒకటి, తమ ఘనతలనూ సేవలనూ ప్రచారం చేసుకోకూడదని ఇంకొకటి. సీఏల సంస్థ ఐసీఏఐ కౌన్సిల్ మార్గదర్శకాలకు లోబడి వివరాలు ఇచ్చుకోవడానికి 2008 నుంచి వీలుంది గానీ, "నంబర్ వన్ ట్యాక్స్ ఎక్స్‌పర్ట్" అని బ్యానర్ వేసుకోవడం అందులోకి రాదు. డబ్బిచ్చి కొన్న మెమెంటో వల్ల క్రమశిక్షణ ఫిర్యాదు తెచ్చుకోవడం ఎందుకు?

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. మన పనిలో పేరు ముందు తోటి సీఏల దగ్గర వస్తుంది, క్లయింట్లకు తర్వాత తెలుస్తుంది. గుంటూరులో ఒక ఆడిటర్ ఒక స్పిన్నింగ్ మిల్లు లెక్కలు పదిహేనేళ్లుగా చూస్తున్నాడనుకోండి. మిల్లు విడదీసి కొత్త కంపెనీలో పెట్టాలని ప్రమోటర్లు అనుకున్నారు. డీమర్జర్ షరతులు కుదురుతాయా, పాత నష్టాలు కొత్త కంపెనీకి వెళ్తాయా అన్నది ఆయన రోజూ చూసే పని కాదు. ఎవరికి ఫోన్ చేయాలా అని ఆలోచిస్తాడు. అప్పుడు ఆయన మనసులో ఉండేది మీ డిగ్రీల జాబితా కాదు. ఈ మనిషి నా క్లయింట్‌ను లాక్కుంటాడా? ప్రమోటర్ ముందు నన్ను చిన్నబుచ్చుతాడా? ఫోన్‌లో చెప్పిన మాటే కాగితం మీద పెట్టి సంతకం చేస్తాడా? రేపు నోటీసు వస్తే ఫోన్ ఎత్తుతాడా? ఈ నాలుగింటికీ సరైన జవాబు దొరికినవాళ్ల దగ్గరికే ఆయన రెండోసారి వస్తాడు. అలా విజయవాడ, వైజాగ్, వరంగల్ ఆడిటర్లు తమ క్లయింట్లను తామే వెంటబెట్టుకుని రావడం మొదలైందంటే మీకు గుర్తింపు వచ్చేసినట్టే. బయట ఎవరికీ కనబడదు, అది వేరే విషయం.

ఈ ఆడిటర్లు చూసే మూడోది, కాగితం మీద పెట్టి సంతకం చేయడం, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కార్పొరేట్ ట్యాక్స్ సలహాదారు నైపుణ్యం కనబడేది ఒపీనియన్‌లో, అంటే రాసి ఇచ్చే సలహాలో. రిటర్న్ సాఫ్ట్‌వేర్ వేస్తుంది, సెక్షన్లు ఎవరైనా వెతుకుతారు. "ఇలా చేయవచ్చు, ఇందుకు, ఇంత రిస్క్‌తో" అని రాసి, నాలుగైదేళ్ల తర్వాత అధికారి ప్రశ్నించినప్పుడు ఆ కాగితం నిలబడాలి.

ఒక ఉదాహరణ. ఉద్యోగుల జీతంలోంచి కోసిన పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాను కంపెనీ ఆ చట్టాల గడువు దాటాక, రిటర్న్ గడువు లోపల కడితే ఖర్చుగా ఒప్పుకోవాలా? చాలా హైకోర్టులు ఒప్పుకోవాలన్నాయి. గుజరాత్ హైకోర్టు కాదంది. ఆ రోజుల్లో "ఇది సెటిల్ అయిన విషయం, ఏమీ కాదు" అని ఒక్క వాక్యంలో తేల్చిన ఒపీనియన్లు నేను చాలా చూశాను. 2022 అక్టోబర్ 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు కంపెనీలకు వ్యతిరేకంగా తేల్చింది. యజమాని తన వాటా కట్టడం వేరు, ఉద్యోగి సొమ్ము తన దగ్గర ఉంచుకుని కట్టడం వేరు అంది. ఆ ఒక్క వాక్యం రాసినవాళ్ల క్లయింట్లకి పాత ఏళ్ల డిమాండ్లు మిగిలాయి. అదే విషయం మీద "మన హైకోర్టు ప్రకారం అనుకూలమే, కానీ కోర్టుల్లో భిన్నాభిప్రాయం ఉంది, సుప్రీంకోర్టు ఇంకా చెప్పలేదు, కాబట్టి ప్రతి నెలా 15వ తేదీ దాటనివ్వకండి" అని రాసినవాళ్లూ ఉన్నారు. తీర్పు వ్యతిరేకంగా వచ్చాక కూడా వాళ్ల పేరు పెరిగింది. మీరు చెప్పినట్టే తీర్పు రావాలని ఎవరూ పట్టుబట్టరు. ఎటు పడవచ్చో ముందే చెప్పారా లేదా అన్నదే చూస్తారు.

రెండో ఉదాహరణ లెక్కలతో చెప్తాను, ఎందుకంటే చాలామంది యువ సీఏలు సెక్షన్ బాగా చదివి లెక్క వేయకుండా వదిలేస్తారు. 2019 సెప్టెంబర్ 20న ఆర్డినెన్స్‌తో ఆదాయపు పన్ను చట్టంలోకి 115బీఏఏ సెక్షన్ వచ్చింది. మినహాయింపులు వదులుకున్న కంపెనీకి 22 శాతం పన్ను, 10 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్ కలిపి 25.17 శాతం. పేపర్లన్నీ పన్ను తగ్గిందని రాశాయి, క్లయింట్లందరూ వెంటనే మారిపోదామన్నారు. 400 కోట్ల లోపు టర్నోవర్ ఉన్న ఒక కంపెనీకి 8 కోట్ల ఆదాయం, బుక్ ప్రాఫిట్ (ఖాతా పుస్తకాల ప్రకారం లాభం) కూడా అంతే, పాత మ్యాట్ క్రెడిట్ (మ్యాట్ అనే కనీస పన్ను కింద గతంలో ఎక్కువగా కట్టి, తర్వాతి ఏళ్ల పన్నులో సర్దుకోగలిగే సొమ్ము) 85 లక్షలు ఉందనుకోండి. పాత పద్ధతిలో 25 శాతం, 7 శాతం సర్‌చార్జి, సెస్ కలిపి 27.82 శాతం, అంటే 2 కోట్ల 22 లక్షల పైచిలుకు. కొత్త పద్ధతిలో 2 కోట్ల ఒక లక్ష. తేడా సుమారు 21 లక్షలు, బాగానే ఉంది. కానీ కొత్త పద్ధతిలోకి వెళ్తే మ్యాట్ క్రెడిట్ మొత్తం పోతుంది. పాత పద్ధతిలో ఆగితే ఆ ఏటి మ్యాట్ 1 కోటి 33 లక్షల దాకా వస్తుంది కాబట్టి 89 లక్షల వరకు క్రెడిట్ వాడుకోవచ్చు, అంటే 85 లక్షలూ ఆ ఒక్క ఏడాదిలోనే వాడేసుకోవచ్చు. చేతినుంచి కట్టేది 1 కోటి 37 లక్షలు. ఒక్క ఏడాది ఆగి మారితే 60 లక్షలకు పైగా మిగులు. పైగా ఒకసారి మారితే వెనక్కి రావడం లేదు, తర్వాత ఏ ఏడాదైనా మారే అవకాశం మాత్రం ఉంది. ఇది ఆనాటి నియమాల లెక్క, ఇప్పటి కంపెనీకి ఇప్పటి చట్టం తీసి చూడాలి. నేను చెప్పదలచుకున్నది, "తొందరపడకండి, ఒక ఏడాది ఆగండి" అని లెక్కతో చెప్పినవాళ్లను సీఎఫ్‌వోలు మర్చిపోలేదని.

ఆ సెక్షన్‌లోనే ఇంకో చిన్న విషయం చాలామందిని ముంచింది. కొత్త పద్ధతి ఎంచుకుంటున్నామని రిటర్న్ గడువు లోపల ఫారం 10-ఐసీ వేయాల్సి ఉండేది. రిటర్న్‌లో 22 శాతం లెక్క వేసి ఆ ఫారం మర్చిపోయిన కంపెనీలకు పాత రేటుతో డిమాండ్లు వచ్చాయి. చివరికి ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ 2022 మార్చి 17న సర్క్యులర్ ఇచ్చి మొదటి ఏడాదికి ఆలస్యాన్ని మన్నించింది, 2023 అక్టోబర్‌లో తర్వాతి ఏడాదికీ అదే చేసింది. దేశాల మధ్య పన్ను ఒప్పందాల మీద పెద్ద పెద్ద వాదనలు చేయగలిగినవాళ్లు కూడా ఒక ఫారం దగ్గర పరువు పోగొట్టుకున్నారు. మీ ఆఫీసులో ఫారాల గడువు చార్ట్ ఎవరు చూస్తున్నారో ఒకసారి కనుక్కోండి.

మీరు రాసినదాంట్లో ఒక మాట నాకు నచ్చలేదు. స్క్రూటినీ జవాబులు జూనియర్లకి ఇచ్చి మీరు "స్ట్రాటజీ" మీద దృష్టి పెడుతున్నామన్నారు. అది తిరగేయండి. ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చాక అధికారి ఎదుట కూర్చుని నచ్చజెప్పే అవకాశం చాలావరకు పోయింది. పోర్టల్‌లో పెట్టిన కాగితమే మీ వాదన. పైగా మన వ్యవస్థలో వాస్తవాలు ఏమిటన్నది తేల్చే చివరి చోటు ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రిబ్యునల్. 1961 చట్టం సెక్షన్ 260ఏ కింద హైకోర్టుకి వెళ్లేది ముఖ్యమైన న్యాయపరమైన ప్రశ్న ఉంటేనే. కొత్త సాక్ష్యం కమిషనర్ అప్పీల్స్ దగ్గర పెట్టాలన్నా రూల్ 46ఏ అడ్డొస్తుంది. కాబట్టి బోర్డు తీర్మానం, ఆనాటి వాల్యుయేషన్ రిపోర్టు, బ్యాంక్ ఉత్తరాలు అసెస్‌మెంట్ దశలోనే ఫైల్‌లోకి ఎక్కాలి. అక్కడ జూనియర్ "వివరాలు జతచేయడమైనది" అని నాలుగు లైన్లు రాసి వదిలేస్తే, ఏళ్ల తర్వాత సీనియర్ లాయర్‌ని పెట్టుకున్నా ఆయన చేతిలో ఏమీ ఉండదు. నిజానికి పెద్ద లాయర్లు ఒక సీఏని మెచ్చుకునేది ఇక్కడే. పేపర్ బుక్ (ట్రిబ్యునల్ ముందు పెట్టే కాగితాల కట్ట) తెరవగానే తెలిసిపోతుంది, మొదటి రోజు నుంచి ఎవరు చూశారో.

చదవడానికి దూరం వెళ్లక్కర్లేదు, మన ఊరి కేసులే ఉన్నాయి. హెపటైటిస్ బి టీకాతో పేరు తెచ్చుకున్న శాంతా బయోటెక్నిక్స్ కేసు చూడండి. హైదరాబాద్ కంపెనీ, కానీ దాని షేర్లలో ఎక్కువ భాగం షాన్‌హెచ్ అనే ఫ్రెంచ్ కంపెనీ పేర ఉన్నాయి. 2009లో ఆ ఫ్రెంచ్ కంపెనీ షేర్లను సనోఫీ పాశ్చర్ కొంది. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఫ్రాన్స్‌లోనే, ఆస్తి మాత్రం ఇక్కడ. అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ 2011లో పన్ను కట్టాల్సిందే అంది. 2013 ఫిబ్రవరి 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, షాన్‌హెచ్ ఉత్తుత్తి కంపెనీ కాదని, భారత్-ఫ్రాన్స్ ఒప్పందం ప్రకారం పన్ను హక్కు ఫ్రాన్స్‌దేనని, ఇలాంటి పరోక్ష అమ్మకాల మీద పన్ను కోసం 2012లో వెనుకటి తేదీతో తెచ్చిన సవరణ ఆ ఒప్పందాన్ని మార్చలేదని తీర్పిచ్చింది. తీర్పు చాలా పొడవు. మొత్తం చదవండి. షాన్‌హెచ్ ఎప్పుడు పుట్టింది, ఎందుకు పుట్టింది, డివిడెండ్ ఎవరికి వెళ్లింది అన్న వాస్తవాల మీద కోర్టు ఎంత సమయం పెట్టిందో గమనించండి.

దాని పక్కనే జీవీకే ఇండస్ట్రీస్ కేసు పెట్టుకోండి. రాజమండ్రి దగ్గర జేగురుపాడు పవర్ ప్రాజెక్టుకి అప్పులు సమకూర్చుకునే విషయంలో సలహా ఇచ్చిన స్విట్జర్లాండ్ సంస్థకు సక్సెస్ ఫీ చెల్లించాల్సి వచ్చింది. ఆ సంస్థకి ఇక్కడ ఆఫీసు లేదు, పని చేసింది బయటే. బిజినెస్ కనెక్షన్ (పన్ను వేయడానికి కావాల్సిన, భారత్‌తో వ్యాపార సంబంధం) లేదని హైకోర్టు ఒప్పుకుంది, అయినా అది టెక్నికల్ సర్వీసుల ఫీజు కిందికి వస్తుందంది. సుప్రీంకోర్టు 2015 ఫిబ్రవరిలో దాన్నే సమర్థించింది. ఒక వాదన గెలిచి ఇంకో వాదనలో ఓడి, చివరికి పన్ను కట్టాల్సి రావడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. విదేశాలకు డబ్బు పంపే ప్రతి క్లయింట్ ఫైల్‌లో ఇదే ప్రశ్న ఉంటుంది.

ఇంకోటి ఈ మధ్యది. 2024 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక గార్ కేసు తేల్చింది. పన్ను తప్పించుకోవడానికే చేసిన ఏర్పాట్లను పక్కన పెట్టేందుకు పన్ను శాఖకు వీలిచ్చే సాధారణ నిబంధనలే గార్. షేర్లు కొని, కంపెనీ బోనస్ ఇచ్చాక ధర పడిపోతే అసలు షేర్లను నష్టానికి అమ్మి, ఆ నష్టాన్ని వేరే పెద్ద లాభంతో సర్దారు. ఇలా బోనస్‌తో నష్టం చూపడం మీద ప్రత్యేక నిబంధన 94(8) ఉంది కాబట్టి గార్ వర్తించదన్నది వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఇలాంటి ప్లాన్ మీ టేబుల్ మీదికి వస్తే "చట్టంలో నిషేధం లేదు" అన్న మాట చాలదు. వ్యాపారపరంగా ఎందుకు చేశారని అడిగితే చెప్పడానికి ఏముందో ముందు ప్రమోటర్‌ని అడగండి. జవాబు లేకపోతే వద్దని చెప్పండి, లిఖితపూర్వకంగా చెప్పండి. ఫీజు పోతుంది, ఒక్కోసారి క్లయింటే పోతాడు. అయినా అదే ప్రమోటర్ రెండేళ్ల తర్వాత తిరిగి రావడం ఈ పనిలో కొత్త కాదు.

కోర్సుల సంగతి. అడిట్ మంచి పరీక్ష. బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్యాక్సేషన్ నిర్వహిస్తుంది, మూడు మాడ్యూళ్లు, వాటిలో ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీల మధ్య లావాదేవీల ధర తేల్చడం) కూడా తీసుకోవచ్చు. మన ఐసీఏఐ ఇంటర్నేషనల్ ట్యాక్సేషన్ డిప్లొమా కూడా ఉంది. మీరు జీసీసీల పని వైపు వెళ్లాలనుకుంటే, అంటే అమెరికా, యూరప్ కంపెనీలు హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో పెట్టుకున్న సొంత సెంటర్ల పని, అడిట్ నిజంగా ఉపయోగం. అక్కడ ప్రశ్నంతా ఖర్చు మీద ఎంత మార్జిన్ వేయాలి, ఏ కంపెనీలతో పోల్చాలి, ఏపీఏకి (ఆ ధర మీద పన్ను శాఖతో ముందస్తు ఒప్పందానికి) వెళ్లాలా వద్దా అన్నదే, క్లయింట్ హెడ్ ఆఫీసులో ఉన్నవాళ్లకి ఆ పేరు తెలుసు. బల్క్ డ్రగ్స్, ఇన్‌ఫ్రా, రియల్ ఎస్టేట్ క్లయింట్లతోనే ఉంటానంటే ఆ ఫీజుతో మంచి లైబ్రరీ సబ్‌స్క్రిప్షన్ తీసుకోండి. ఎఫ్‌సీఏ (ఐసీఏఐ ఫెలో సభ్యత్వం) గురించి టెన్షన్ పడక్కర్లేదు, అయిదేళ్ల ప్రాక్టీస్ పూర్తయితే దరఖాస్తు చేసుకుంటే వస్తుంది, అందరికీ వస్తుంది కాబట్టి దాంతో ఎవరూ మిమ్మల్ని వేరుగా చూడరు.

నా సలహా అడిగితే కోర్సు కన్నా ముందు కొత్త చట్టం మీద కూర్చోమంటాను. 2025లో వచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ నుంచి అమలు. పాతదాంట్లో 819 సెక్షన్లు, ఇందులో 536. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. జీతాలు కాక మిగతా టీడీఎస్ దాదాపు అంతా సెక్షన్ 393లో సర్దారు. పాత ఏళ్ల కేసులన్నీ మాత్రం 1961 చట్టం ప్రకారమే నడుస్తాయి. అంటే ఇంకా చాలా ఏళ్లు రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని పని చేయాలి. ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న సీనియర్లు నోటికి వచ్చిన సెక్షన్ నంబర్లన్నీ మళ్లీ నేర్చుకుంటున్నారు. ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి ఇలాంటి అవకాశం అరుదు. ఒక్క అంశం తీసుకోండి, ఉదాహరణకి నష్టాల సర్దుబాటు, లేదా విదేశీ చెల్లింపుల టీడీఎస్. పాత సెక్షన్ ఎదురుగా కొత్తది పెట్టి ఏ మాట మారింది, ఏ వివరణ ఎక్కడికి వెళ్లింది, ఏ పాత తీర్పు ఇంకా పనికొస్తుంది అని నోట్ రాయండి. మీ ఐసీఏఐ బ్రాంచ్ స్టడీ సర్కిల్‌లో ఒక సాయంత్రం చెప్పండి. డబ్బు ఇవ్వరు, మెమెంటో మాత్రం ఇస్తారు! వచ్చినవాళ్లలో కష్టమైన ప్రశ్న అడిగిన ఆడిటర్ వచ్చే ఏడాది మీకు ఫోన్ చేసే మనిషి.

ఎల్‌ఎల్‌బీ విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే అది గుర్తింపు ప్రశ్న కన్నా జీవితం ఎటు అన్న ప్రశ్న. సీఏగా ట్రిబ్యునల్ వరకు మీరే వాదించవచ్చు, హైకోర్టులో కుదరదు. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల కోర్సు చేస్తే చట్టాన్ని చదివే తీరు మారుతుంది, ఆ మేరకు మంచిదే. కానీ అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయితే సీఏ ప్రాక్టీస్ సర్టిఫికెట్ వదులుకోవాలి, రెండూ ఒకేసారి నడపలేరు. టాక్స్ ఆడిట్ సంతకాలు, సర్టిఫికెట్లు, వాటి మీద వచ్చే నికరమైన ఆదాయం పోతాయి. ఇంట్లో ఈఎంఐలు ఉంటే ఇది చిన్న విషయం కాదు. కాబట్టి నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. మీ ఫర్మ్‌లో ట్రిబ్యునల్‌కి వెళ్లే అప్పీళ్లలో ఒకటి పార్ట్‌నర్‌ని అడిగి తీసుకుని, గ్రౌండ్స్ నుంచి పేపర్ బుక్ దాకా మీరే తయారుచేసి, వీలైతే మీరే వాదించండి. ట్రిబ్యునల్ హియరింగ్‌లు ఎవరైనా కూర్చుని చూడొచ్చు, ముందు కొన్ని రోజులు వెనక బెంచీలో కూర్చోండి. బెంచ్ ప్రశ్న వేసినప్పుడు మీకు లేచి నిలబడాలనిపిస్తే లాసెట్ ఫారం నింపండి. ఫైల్ తయారుచేయడంలోనే మీకు తృప్తి ఉందనిపిస్తే సీఏగానే ఉండి, పైన చెప్పిన ఆ ఒక్క అంశం మీద పట్టు సాధించండి. ఏ అంశం తీసుకున్నారో రాయండి, నా దగ్గర ఉన్న తీర్పుల జాబితా పంపుతాను.